అమ్మ ఫైలు

వానాకాలం పంట చేతికొచ్చే రోజుల్లో, తెలంగాణలో భూపాలపల్లి దగ్గరి రేగొండ వైపు ఆడవాళ్లకు ఒంటి గురించి ఆలోచించే తీరిక దొరకదు. పత్తి పగిలిందంటే చేనుకు పోవాల్సిందే. పత్తి కాగానే మిరప. స్నానం చేస్తుంటే రొమ్ములో గట్టిగా ఏదో చేతికి తగిలినా, ఆ మాట ఇంట్లో బయటపడేసరికి వారాలు గడుస్తాయి. బయటపడ్డా ఇట్లా ఉంటుంది: “ఏం లేదు బిడ్డా, చిన్న గడ్డ. నొప్పి గూడ లేదు. పత్తి ఏరుడు అయినంక సూపిచ్చుకుంట.”

ఇందులో ప్రతి ముక్కా తల్లిని మోసం చేసేదే.

నొప్పి లేదంటే ఊరట పడాల్సిన పనిలేదు. తొలి దశలో రొమ్ము క్యాన్సర్ గడ్డ సాధారణంగా నొప్పి పెట్టదు. నొప్పి పుడితేనే రోగమనుకునే అలవాటు మనది. ఈ జబ్బు సరిగ్గా ఆ అలవాటు చాటునే పెరుగుతుంది. ‘చిన్న గడ్డ’ సంగతీ అంతే. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం పాల నాళాల లోపలి పొరలో పుడతాయి. అదుపు తప్పిన ఒక కణం రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. సుమారు 30 సార్లు ఇలా రెట్టింపయితే వంద కోట్ల కణాలు పోగవుతాయి. అన్నీ కలిసి శనగ గింజంత, అంటే దాదాపు ఒక సెంటీమీటరు. ఒక్కో రెట్టింపుకు చాలా గడ్డల్లో నెలలు పడుతుంది కనుక అమ్మ చేతికి తగిలిన రోజుకే ఆ గడ్డకు ఏళ్ల వయసుంటుంది.

ఈ లెక్క తెలిస్తే ఇంట్లో రెండు గొడవలు తగ్గుతాయి. “పోయిన నెల చేన్ల జారిపడ్డ, గప్పుడే తగిలింది” అనేది ఒకటి. దెబ్బకు క్యాన్సర్ రాదు. దెబ్బ తగిలిన చోట చెయ్యి పెట్టి తడుముకున్నప్పుడు అంతకుముందే ఉన్న గడ్డ బయటపడుతుంది. ఎవరి దిష్టికీ, ఎవరి నోటికీ, ఏ పాపానికీ దీనితో సంబంధం లేదు. రెండోది, రిపోర్టు వచ్చిన రాత్రే కారు మాట్లాడుకుని హైదరాబాద్ ఉరకాలన్న ఆత్రం. ఏళ్ల తరబడి పెరిగిన గడ్డకు పరీక్షలన్నీ సరిగ్గా చేయించడానికి పది, పదిహేను రోజులు పట్టినా కొంప మునగదు. పత్తి ఏరేదాకా, సంక్రాంతి దాటేదాకా, పసరు మందు పనిచేస్తుందేమో చూసేదాకా ఆగితేనే మునిగేది.

గడ్డలన్నీ క్యాన్సర్ కావన్నదీ నిజమే. చేతికి తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం కొవ్వు గడ్డలో, నీటి తిత్తులో, ఫైబ్రోఎడినోమాలో అవుతాయి. అయితే ఏది ఏదో తేల్చాల్సింది పరీక్షే. ఊరి ఆర్‌ఎంపీ చేతి వేళ్లకు ఆ సంగతి తెలియదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో రొమ్ము క్యాన్సర్ మీద ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. అది మూడు అంకెల మీద నడుస్తుంది. జబ్బు బయటపడేవాళ్లలో కనీసం 60 శాతం మంది మొదటి రెండు దశల్లోనే బయటపడాలి. గడ్డతో ఆసుపత్రి గడప తొక్కిన 60 రోజుల్లో అదేమిటో తేలాలి. చికిత్స మొదలుపెట్టినవాళ్లలో కనీసం 80 శాతం మంది మధ్యలో మానకుండా పూర్తి చేయాలి. 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక విశ్లేషణ ఆలస్యానికి ధర కట్టింది: రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ నాలుగు వారాలు వెనక్కి జరిగితే, అప్పటికే ఉన్న మరణ ప్రమాదం మీద సుమారు 8 శాతం అదనంగా చేరుతుంది.

ఆరోగ్య సంస్థ పెట్టిన మూడు అంకెల్లో మొదటిది ఎక్కువగా ప్రభుత్వం చేతిలో ఉంటుంది. మిగిలిన రెండూ చాలావరకు కొడుకు, కూతురు, కోడలి చేతిలో ఉంటాయి. తల్లికి తోడుండడమంటే పక్కన కూర్చుని కళ్లు తుడుచుకోవడమని మనం అనుకుంటాం. అదీ అవసరమే. కానీ ఆమె ప్రాణానికి అంతకంటే ఎక్కువ పనికొచ్చేది కాలాన్ని వృథా కానివ్వకుండా కాపలా కాసే మనిషి.

2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 23 లక్షల మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, 6.7 లక్షల మంది దానితో చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. అదే ఏడాది మన దేశంలో కొత్త కేసులు 1.92 లక్షలు, మరణాలు 98 వేలు. ఈ రెండు జతలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ప్రపంచం మొత్తం మీద మరణాలు కొత్త కేసుల్లో మూడో వంతుకు లోపే, మన దగ్గర సగం. మన ఆడవాళ్లు ఆసుపత్రికి ఆలస్యంగా చేరడం, చికిత్స మధ్యలో ఆగిపోవడం ఇందుకు పెద్ద కారణాలు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన, 30–49 ఏళ్ల స్త్రీలలో జీవితంలో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో నూటికి ఒకరు కూడా లేరు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో వెలువరించిన రిజిస్ట్రీ నివేదికలో ఈ జబ్బు రేటు అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది మన హైదరాబాద్ జిల్లాలోనే: వయసు సవరించిన లెక్కన లక్ష మంది స్త్రీలకు 48.

పైగా మన దేశంలో ఈ జబ్బు పడమటి దేశాల కంటే దాదాపు పదేళ్లు ముందుగా వస్తోంది. యాభైకి అటూ ఇటూ ఉన్న తల్లి అంటే రేగొండ మండలంలో ఇంకా కూలికి పోయే మనిషి, సంఘం అప్పు కిస్తీ గుర్తుపెట్టుకుని కట్టే మనిషి, మనవరాలిని బడికి తయారు చేసే మనిషి. ఆమె పడుకుంటే ఇల్లు ఆగుతుంది. అందుకే ఆమె పడుకోదు.

2002లో హైదరాబాద్‌లో ఒక తల్లికి ఈ జబ్బు బయటపడింది. ఆమె డాక్టర్ ఉషాలక్ష్మి, పేరున్న గైనకాలజిస్టు. కొడుకు డాక్టర్ పి. రఘురామ్ బ్రిటన్‌లో సర్జన్. తల్లి జబ్బు ఆ కొడుకు దారినే మార్చింది. 2007లో ఆయన కుటుంబంతో తిరిగి వచ్చేసి, తల్లి పేరుతో ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ స్థాపించారు. హైదరాబాద్ కిమ్స్ ఆసుపత్రిలో రొమ్ము జబ్బులకే ప్రత్యేకమైన కేంద్రం మొదలైంది. 2012 నుంచి 2016 దాకా ఆ ఫౌండేషన్ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని 15 జిల్లాల్లో, దాదాపు 4,000 పల్లెల్లో పేద మహిళలకు చేతితో రొమ్ము పరీక్షలు చేయించింది. 35 నుంచి 65 ఏళ్ల మధ్యనున్న రెండు లక్షల మందికి పైగా ఆ పరీక్ష అందింది. అందుకోసం వేల మంది ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చారు.

తల్లి వైద్యురాలు, కొడుకు శస్త్రవైద్యుడు అయిన ఇల్లు అది. రేగొండలో కొడుకు హార్వెస్టర్ డ్రైవర్ కావచ్చు, భూపాలపల్లి గనుల్లో కాంట్రాక్టు కార్మికుడు కావచ్చు. అతనికి ఆ చదువు ఉండనక్కర్లేదు. ఆ చేతి పరీక్ష మాత్రం అతని తల్లికి దగ్గర్లో దొరకాలి.

ఉత్త చేతి పరీక్షకు అంత విలువుందా అనే అనుమానం సహజం. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి దీన్నే 1998 నుంచి ఇరవై ఏళ్ల పాటు తేల్చి చూసింది. లక్షన్నర మంది స్త్రీలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు శిక్షణ పొందిన మహిళా కార్యకర్తలతో రెండేళ్లకోసారి పరీక్ష చేయించింది. డాక్టర్లు లేరు, మామోగ్రామ్ యంత్రం లేదు. 2021లో ఫలితాలొచ్చాయి. పరీక్ష అందిన గుంపులో జబ్బు ముందు దశల్లో బయటపడింది. యాభై దాటిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపు వాళ్లలో అలాంటి తగ్గుదల కనిపించలేదని కూడా చెప్పుకోవాలి. ముప్పై నుంచి అరవై ఐదేళ్ల స్త్రీలందరికీ అయిదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలని 2016లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. తెలంగాణలో 2023 మార్చి 8న కరీంనగర్‌లో మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమం కింద, ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో మంగళవారాలు ఆడవాళ్లకే కేటాయించారు. అక్కడ చేసే పరీక్షల్లో రొమ్ము పరీక్ష ఒకటి. కాగితం మీద ఉన్నది ఊరికి రావాలంటే ఊళ్లో ఎవరో ఒకరు అడగాలి. ఏఎన్‌ఎంను అడగడానికి సిగ్గుపడే ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి.

ఇక రిపోర్టు దగ్గరికి వద్దాం. గడ్డ ఉందని తేలాక మూడు పనులు జరగాలి: డాక్టర్ చేత్తో చూడాలి, మామోగ్రామో అల్ట్రాసౌండో తీయాలి, లావు సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. మూడో దాని దగ్గరే బంధువులు అడ్డం పడతారు. “సూది పెడితే లేని క్యాన్సర్ లేస్తది” అని ఎవరో అంటారు. సూది పరీక్ష వల్ల రోగి బతుకు తగ్గుతుందనడానికి ఆధారం లేదు. ముక్క తీయకుండా చికిత్స మొదలుపెట్టడమే అసలు ప్రమాదం.

ఇంకో నష్టం తరచూ జరుగుతుంటుంది. ‘చిన్న గడ్డే, కోసి పారేద్దాం’ అని ఏదో ఒక నర్సింగ్ హోమ్‌లో గంటలో తీసేసి, కుట్లు వేసి ఇంటికి పంపుతారు. తీసిన గడ్డ ప్రయోగశాలకు పోదు. ఆరు నెలలకు అదే చోట మళ్లీ లేస్తుంది. అప్పుడు పెద్దాసుపత్రికి పోతే, మొదటి గడ్డ ఎంత ఉంది, అంచుల్లో జబ్బు మిగిలిందా అని వాళ్లు అడిగే ఏ ప్రశ్నకూ జవాబుండదు. ఒంట్లోంచి ఏ ముక్క తీసినా దాని రిపోర్టు రాతపూర్వకంగా చేతికి రావాలి. ఈ ఒక్క పట్టుదల కొడుక్కో కూతురికో ఉంటే చాలా అనర్థాలు తప్పుతాయి.

తీసిన ముక్క ఎలా ప్రయాణించిందన్నది కూడా ముఖ్యమే. పది శాతం ఫార్మాలిన్ ద్రావణంలో అది కనీసం 6 గంటలు నానాలి, 72 గంటలు దాటకూడదు. సెలైన్ సీసాలో వేసి, ‘వరంగల్‌ల ఇచ్చి రా’ అని కొడుకు చేతికిస్తే, అతను పరకాల బస్సెక్కి హన్మకొండలో దిగేలోపే కణాలు చెడడం మొదలవుతుంది. అలా చెడిన ముక్కలో హార్మోన్ గ్రాహకాలు ఉన్నా ‘లేవు’ అని రిపోర్టు రావచ్చు. ఆ ఒక్క తప్పు అమ్మకు అయిదేళ్ల పాటు కాపు కాయాల్సిన మాత్రను దూరం చేస్తుంది. ముక్కను దేంట్లో వేశారు, ఎన్ని గంటలకు వేశారు అని అడగడానికి మొహమాటపడొద్దు.

ఈ హార్మోన్ గ్రాహకాల గొడవేమిటి? రొమ్ము క్యాన్సర్ ఒకే జబ్బు కాదు. కొన్ని గడ్డల కణాలు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్ల అండతో పెరుగుతాయి. వాటికి ఆ అండ తెంచే మాత్రలున్నాయి. కొన్నిటి మీద హెర్2 అనే ప్రొటీన్ మోతాదు మించి ఉంటుంది. వాటికి 1998లో అమెరికాలో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్ ఉంది. దానికి మన దేశంలో తయారైన బయోసిమిలర్లు 2014 నుంచి దొరుకుతున్నాయి. ఆ రెండు హార్మోన్ల గ్రాహకాలు, హెర్2 మూడూ లేని ట్రిపుల్ నెగటివ్ రకం మన దేశంలో పడమటి దేశాల కంటే ఎక్కువ. దానికి ప్రధానంగా కీమోనే ఆధారం. అందుకే పక్కూరి ఆమెకు ఇచ్చిన మందు అమ్మకు ఎందుకివ్వలేదని డాక్టర్‌తో పంచాయితీ పెట్టుకుని లాభం లేదు.

పరీక్షకు తీసిన ముక్కను మైనపు దిమ్మెలో పొదిగి ఏళ్ల పాటు దాస్తారు. వేరే ఆసుపత్రిలో రెండో అభిప్రాయం కావాలంటే కాగితాలతో పాటు ఆ దిమ్మె, గాజు పలకలు కూడా అడిగి తీసుకోవాలి. అమ్మ పేరు మీద ఒక ఫైలు మొదలుపెట్టాల్సింది ఇక్కడే. తేదీల వరసలో రిపోర్టులు, రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు, ఏ మందు ఏ రోజు ఎక్కిందో రాసుకున్న చిట్టీ అందులో ఉండాలి. రిపోర్టులన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి ఇద్దరి దగ్గర ఉంచాలి. ఆ ఫైలు ఇంట్లో ఒకరి బాధ్యత కావాలి. అందరిదీ అయితే ఎవరిదీ కాకుండా పోతుంది.

అమ్మకు చెప్పాలా వద్దా? మన ఇళ్లలో మామూలుగా జరిగేదేమిటంటే, తల్లిని బయట బల్ల మీద కూర్చోబెట్టి కొడుకులు డాక్టర్ గదిలోకి పోతారు. ‘సార్, అమ్మకు చెప్పకండి, తట్టుకోలేదు’ అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ దాచడం కుదిరే పని కాదు. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి బోర్డు మీదే జబ్బు పేరుంది. చదువు రాకపోయినా వార్డులో పక్క మంచం మనిషి అరగంటలో అన్నీ చెప్పేస్తుంది. అప్పుడు తల్లికి మిగిలేది జబ్బొక్కటే కాదు, పిల్లలు తన దగ్గర దాచారన్న బాధ కూడా. పైగా రొమ్ము తీయడానికి సంతకం పెట్టాల్సింది ఆమె. కీమో తర్వాత జ్వరం వస్తే గుర్తుపట్టి చెప్పాల్సిందీ ఆమె. తనకేం వచ్చిందో తెలియని మనిషి మూడో కీమో తర్వాత ‘ఇగ చాలు’ అంటే ఆ తప్పు ఆమెది కాదు.

చెప్పే పద్ధతి ఒకటుంది. క్యాన్సర్ కబురు చెప్పడానికి వైద్యులు 2000 నుంచి వాడుతున్న ఆరు మెట్ల విధానంలో, విషయం చెప్పకముందే రెండు ప్రశ్నలుంటాయి: నీకు ఇప్పటికే ఏం తెలుసు, ఎంత తెలుసుకోవాలని ఉంది. మన ఇంట్లో ఆ మాట ఇట్లా సాగొచ్చు.

“అమ్మా, డాక్టర్ సారు ఏమన్నడో నీకు సమజైందా?”

“గడ్డ మంచిది కాదన్నట్టున్నడు గద బిడ్డా.”

“అవునమ్మా. ఇంకా చెప్పాల్నా, రేపు మాట్లాడుకుందమా?”

“చెప్పు. ఇనకుంటే పోతదా?”

ఆ తర్వాత పేరు చెప్పొచ్చు, చికిత్స ఉందని చెప్పొచ్చు, ముందు ఆపరేషనా కీమోనా అన్నది చెప్పొచ్చు. ‘నీకేం కాదు’ అని మాత్రం అనకండి. ఆ మాట ఆమె నోరు మూయిస్తుంది. ఏడిస్తే ఏడవనివ్వాలి. నాయినను కూడా పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఇలాంటి ఇళ్లలో భర్తలు చాలామంది అరుగు మీదికి పోయి మౌనంగా కూర్చుంటారు. ఆ మనిషికి కూడా ఒక పని అప్పగిస్తే తేరుకుంటాడు.

కబురు పాకగానే సలహాలు మొదలవుతాయి. ఒకరు లక్ష్మణఫలం తెస్తారు. అది మనుషుల్లో క్యాన్సర్‌ను తగ్గిస్తుందని చూపిన పరీక్ష లేదు. తెచ్చినవాళ్ల ప్రేమకు దండం పెట్టి పండు పక్కన పెట్టొచ్చు. ఆ పండు కోసం కీమో ఆపితే మాత్రం దండం పనికిరాదు.

డబ్బు, దారి సంగతి త్వరగా చెప్పుకుందాం. 2007 ఏప్రిల్‌లో మొదలైన ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకంలో క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఉన్నాయి. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబర్ 9న రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెంచారు. ఆసుపత్రిలో ముందు కలవాల్సింది ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్రను. చేతి డబ్బు కట్టి రసీదు తెచ్చుకున్నాక కలిస్తే ఉపయోగం తక్కువ. 2023 డిసెంబర్ 9నే మొదలైన మహాలక్ష్మి పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అమ్మకు టికెట్ లేదు, తోడొచ్చే కూతురికీ లేదు. కొడుకు వస్తే అతను కొనుక్కోవాలి. కాజీపేటలో రైలెక్కేవాళ్లకు, చికిత్సకు పోతున్నట్టు ఆసుపత్రి ఇచ్చే పత్రం చూపితే క్యాన్సర్ రోగికీ, తోడు మనిషికీ రైల్వే రాయితీ ఉంది. రోగికి స్లీపర్‌లో, మూడో ఏసీలో పూర్తి రాయితీ. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే 1955 నుంచి ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి. భార్య బసవతారకం క్యాన్సర్‌తో పోయాక ఎన్.టి. రామారావు తలపెట్టిన బంజారాహిల్స్ ఆసుపత్రి 2000లో తెరుచుకుంది.

ఆపరేషన్ అనగానే రొమ్ము మొత్తం పోతుందని తల్లి భయం. వందేళ్ల కిందట అదే జరిగేది. అమెరికా సర్జన్ హాల్‌స్టెడ్ పద్ధతిలో రొమ్ముతో పాటు ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు కూడా తీసేసేవారు. బెర్నార్డ్ ఫిషర్ బృందం 1976లో మొదలుపెట్టిన పరీక్ష ఆ ఆలోచనను తిరగేసింది. గడ్డ ఒక్కటే తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్మంతా తీసినా బతికే కాలంలో తేడా లేదని ఇరవై ఏళ్ల ఫలితాలు 2002లో తేల్చాయి. కనుక గడ్డ చిన్నగా ఉన్నప్పుడు ‘రొమ్ము ఉంచే ఆపరేషన్ అమ్మకు కుదురుతుందా’ అని అడగడం పిల్లల హక్కు. ‘ఈ వయసుల ఇంకెందుకు’ అని ఆమె తరఫున మనమే జవాబు చెప్పేయడం అన్యాయం.

ఆపరేషన్ తర్వాత చంక దగ్గర నుంచి సన్నటి గొట్టం, దాని చివర ఒక డబ్బా ఉంటాయి. అందులో చేరే నీటిని రోజుకోసారి కొలిచి ఎన్ని మిల్లీలీటర్లో రాయాలి. రంగు ఎరుపు నుంచి లేత పసుపుకు మారుతుంది, పరిమాణం రోజురోజుకూ తగ్గుతుంది. తగినంత తగ్గాకే గొట్టం తీస్తారు. చెప్పానుగా, నాయినకు ఒక పని కావాలి. పొద్దున్నే కొలపాత్రలో పోసి నోట్‌బుక్‌లో అంకె వేయడం ఆయన చేయగలడు. భార్య గాయాన్ని చూడడానికి భయపడే మనిషి ఆ పని మొదలుపెడితే నాలుగు రోజుల్లో మామూలవుతాడు.

చంక గ్రంథులు తీసిన వైపు చెయ్యి వాచే అవకాశముంది. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో మెల్లగా పైకి పాకించే వ్యాయామం, డాక్టర్ చెప్పిన నాటి నుంచి, రోజూ చేయించాలి. చెయ్యి కదపకుండా ఉంచితే భుజం బిగుసుకుపోతుంది. పత్తి కాయ అంచులు గీసుకుని వేళ్లు చీరుకుపోవడం ఈ ప్రాంతంలో మామూలే. ఆ చేతికి మాత్రం చిన్న గీత పడినా సబ్బుతో కడగాలి, ఎర్రబడితే వెంటనే చూపించాలి.

కీమో వెనుక ఒక తెలుగువాడి చెయ్యి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం మీద పనిచేశారు. ఆ విటమిన్‌ను పోలి ఉండి, కణాన్ని ఏమార్చి, విభజనను ఆపే పదార్థాలను ఆయన బృందం తయారు చేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చి, జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. సుబ్బారావు ఆ ఏడాదే కన్నుమూశారు. అమినోప్టెరిన్ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్‌ను మరో రెండు మందులతో కలిపి ఆపరేషన్ తర్వాత ఇస్తే రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టడం తగ్గుతుందని 1976లో ఇటలీ వైద్యుడు బొనడొన్నా చూపించారు. ఇవాళ ఎక్కువగా ఇచ్చే డాక్సోరుబిసిన్, పాక్లిటాక్సెల్ వేరే మందులు. సూత్రం మాత్రం అదే: వేగంగా విభజించుకునే కణాలను దెబ్బతీయడం.

వెంట్రుకల కుదుళ్లు, నోటి పొర, రక్తం తయారయ్యే మూలుగ కూడా వేగంగా విభజించుకునేవే. అందుకే మొదటి కీమో తర్వాత రెండు మూడు వారాలకు జుట్టు రాలుతుంది. చికిత్స అయ్యాక మళ్లీ వస్తుంది. డాక్సోరుబిసిన్ ఎర్రగా ఉంటుంది, మరుసటి రోజు దాకా మూత్రం కూడా ఎర్రగా రావచ్చు. అది రక్తం కాదని ముందే చెబితే అమ్మ హడలిపోదు. నోరు పూసినన్నాళ్లు మిరప తొక్కు మానాలి. పథ్యం పేరుతో గుడ్డు, పెరుగు, పప్పు, మాంసం మాన్పించడం మాత్రం తప్పు. గాయం మానడానికీ, రక్త కణాలు తిరిగి పుట్టడానికీ మాంసకృత్తులు కావాలి. ఉడికించినవి, శుభ్రంగా ఉన్నవి ఏవైనా పెట్టొచ్చు.

ఈ అధ్యాయంలో ఒక్క పేరా గుర్తుంచుకుంటే అది ఇదే కావాలి. కీమో ఎక్కిన వారం నుంచి రెండు వారాల మధ్య తెల్ల కణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ తాకితే అది అత్యవసరం. పారాసిటమాల్ వేసి పడుకోబెట్టడం, తెల్లారేదాకా చూడడం, ఊళ్లో సెలైన్ ఎక్కించడం ప్రాణాల మీదికి తెస్తాయి. అర్ధరాత్రి అయినా 108 పిలిచి, రక్త పరీక్ష చేసి నరానికి యాంటీబయాటిక్ ఇవ్వగల ఆసుపత్రికి పోవాలి. చేరగానే ‘కీమో ఎక్కి పది రోజులైంది’ అని మొదట చెప్పాలి. ఇంట్లో థర్మామీటర్ లేకపోతే మొదటి కీమో కంటే ముందే కొనాలి.

రేడియేషన్ దగ్గర పల్లె కుటుంబాలు ఎక్కువగా విరుగుతాయి. ఒక్క పూట చికిత్సకు రెండు వందల కిలోమీటర్లు రోజూ తిరగలేరు, హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకోలేరు. ఇదివరకు వారానికి అయిదు రోజుల చొప్పున అయిదు వారాలు ఇచ్చేవారు. బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్షల తర్వాత మూడు వారాల పద్ధతి స్థిరపడింది. కొందరికి ఒక్క వారంలో అయిదు విడతలు సరిపోతాయని 2020లో తేలింది. అమ్మకు ఏది వర్తిస్తుందో డాక్టరే నిర్ణయించాలి. కానీ ‘సార్, మాది రేగొండ అవతల పల్లె, తక్కువ రోజుల్లో అయ్యే పద్ధతి కుదురుతుందా’ అని అడిగితేనే ఆ ఆలోచన వస్తుంది.

చివరికి మిగిలేది మాత్ర. హార్మోన్ గ్రాహకాలున్న క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ అయిదేళ్లు వేసుకుంటే, మొదటి పదిహేనేళ్లలో ఆ జబ్బుతో చనిపోయే ప్రమాదం సుమారు మూడో వంతు తగ్గుతుంది. ముట్లుడిగినవాళ్లకు లెట్రోజోల్ వంటివి ఇస్తారు. ఇవి ఖరీదైన మందులు కావు. అయినా రెండో ఏటికే ఆపేసేవాళ్లుంటారు. “మంచిగనే ఉన్న గద, ఇంకెందుకు మందులు?” ఒళ్లంతా వేడి సెగలు, కీళ్ల నొప్పులు కూడా కారణమే. వాటికి ఉపాయం డాక్టర్ దగ్గర ఉంటుంది. అడగకుండా ఆపేస్తే ఇంతదాకా పడ్డ పాట్లలో సగం వృథా.

అమ్మ తర్వాత నేనేనా అని కూతురు మనసులో అనుకుంటుంది, పైకి అనదు. తల్లికో అక్కచెల్లెళ్లలో ఒకరికో ఈ జబ్బు వస్తే ప్రమాదం దాదాపు రెట్టింపవుతుందని 2001లో లాన్సెట్‌లో వచ్చిన పెద్ద విశ్లేషణ చెప్పింది. అదే విశ్లేషణ ఇంకో మాట కూడా చెప్పింది: రొమ్ము క్యాన్సర్ వచ్చిన ప్రతి తొమ్మిది మందిలో ఎనిమిది మందికి తల్లి, సోదరి, కూతురు ఎవరికీ ఆ జబ్బు లేదు. వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి అయిదు నుంచి పది. అమ్మకు యాభై లోపే వచ్చినా, రెండు వైపులా వచ్చినా, ట్రిపుల్ నెగటివ్ అయినా, ఇంట్లో ఎవరికైనా అండాశయ క్యాన్సర్ ఉన్నా బీఆర్‌సీఏ జన్యు పరీక్ష గురించి అడగాలి. ఆ పరీక్ష ముందు అమ్మకే చేయాలి. ఆమెలో మార్పు దొరికితే అది పిల్లల్లో ఒక్కొక్కరికీ సంక్రమించే అవకాశం సగానికి సగం. కొడుకులకూ అంతే అవకాశం, ఆ మార్పు సంక్రమించిన కొడుకు నుంచి అతని కూతుళ్లకూ అంతే. కాబట్టి ఈ సంగతి ఆడపిల్లలదేనని అన్నదమ్ములు పక్కకు జరగొద్దు.